24 మెట్ల ప్రభువు: తంజావూరు రఘునాథనాయకుడు

తెలుగు వాచకములలో తంజావూరు రఘునాథనాయకుని పేరు చేమకూర వేంకటకవి పేరు ప్రక్కన మాత్రమే కానవచ్చును. విజయవిలాసమును కృతినందిన ప్రభువు ఎవరను ప్రశ్నకు రఘునాథుడని వ్రాసినచో విద్యార్థికి మార్కు దక్కును. అంతకుమించి అతడడుగడు, ఉపాధ్యాయుడును చెప్పడు. ఆ ప్రభువు స్వయముగా కవి యని కొందఱెఱుగుదురు. అతడు వీణ వాయించెడివాడని ఎఱిగినవారు అంతకంటె తక్కువ. కాని నేడు దక్షిణదేశమున ఏ యింట సరస్వతీవీణ ఉన్నను, దాని దండిపై మెట్లను లెక్కించినచో 24 తేలును. ఆ లెక్క రఘునాథుని ఆస్థానమున స్థిరపడినదని సంగీతచరిత్రకారులు సామాన్యముగా అంగీకరించుచున్నారు.

ఈ విషయమును ఇప్పుడు తడవుటకు ఒక కారణము కలదు. పరిగి వంటి ఊళ్లనుండి చదువుకొన్న పిల్లలు హైదరాబాదు చేరి, యంత్రశాలలలో సి.ఎన్.సి. పని నేర్చుచున్నారు. ఆ విద్యకు బాలానగరమున 1968 లో స్థాపింపబడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పేరుపొందినది. సి.ఎన్.సి. యనగా సంఖ్యలరూపమున వ్రాసిన ఆజ్ఞలను కంప్యూటరు చదివి, కోతపనిముట్టును నడపించు యంత్రము. గిటారు మెడపై అమర్చు పలకకు మెట్లగాడులు కోయుటకు నేడు ఇట్టి యంత్రములనే వాడుచున్నారు. ఆ ప్రోగ్రాము వ్రాయువాడు మొట్టమొదట తేల్చుకొనవలసిన ప్రశ్న ఒక్కటే: మెట్లెన్ని, ఏ మెట్టు ఎక్కడ? 400 ఏండ్లకు పూర్వము కావేరితీరమున ఒక తెలుగు రాజు సభలో చర్చకు వచ్చిన ప్రశ్నయు అదియే. అందుచేత ఆ రాజు కథను మొదటినుండి చెప్పుట మేలు.

విజయనగర సింహాసనమున అచ్యుతదేవరాయలున్న కాలమున, 1532 ప్రాంతమున, తంజావూరు సీమ చెవ్వప్పనాయకుని చేతికి వచ్చెను. చెవ్వప్ప భార్య మూర్తిమాంబ, రాయల దేవేరి తిరుమలాంబకు సోదరి. ఇట్లు తమిళదేశపు నడిబొడ్డున, కావేరి నీటితో పచ్చగానున్న వరిపొలముల నడుమ, తెలుగు మాటాడు రాజవంశమొకటి పాదుకొన్నది. చెవ్వప్ప కుమారుడు అచ్యుతప్పనాయకుడు. అచ్యుతప్ప కుమారుడు రఘునాథుడు. 1565 లో రాక్షసతంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట కవులు, పండితులు, గాయకులు ఆశ్రయము వెదకుకొనుచు దక్షిణమునకు నడచిరి. వారిలో పెక్కండ్రకు తంజావూరు నిలువనీడ నిచ్చెను. రఘునాథుడు పుట్టి పెరిగినది అట్టి నగరమున.

అతని చదువును చెప్పునపుడు గోవిందదీక్షితుని పేరు తలపకుండుట తగదు. ఇతడు కర్ణాటకుడు, మహాపండితుడు. అచ్యుతప్పకును రఘునాథునకును మంత్రిగా నుండెను. వేదశాస్త్రములతోపాటు సంగీతమునందును దిట్ట. ఆ ప్రాంతమున ఈనాటికిని అతని పేరు మీద వెలసిన ఊళ్లును వీథులును కలవు. పట్టీశ్వరము గుడిలో అతని విగ్రహమును చూపుదురు. మంత్రియే గురువైన చోట రాజకుమారునకు రాజనీతియు వీణయు ఒకేచోట అబ్బుట వింత గాదు. కత్తిసాము, గుఱ్ఱపుస్వారి, సంస్కృతాంధ్రములు, సంగీతము అన్నియు రఘునాథునకు పట్టుబడినవని ఆస్థానకవులు వ్రాసిరి. ఆస్థానకవుల పొగడ్తలో సగము తీసివేయుట మంచి అలవాటే; కాని ఇతని విషయమున, సగము తీసివేసినను మిగులునది తక్కువ గాదు.

1600 ప్రాంతమున అచ్యుతప్ప కుమారునికి పట్టము కట్టి, రాజ్యభారము క్రమముగా అప్పగించి, తాను శ్రీరంగమున దైవసేవకు మరలెను. రఘునాథుడు యువకుడుగా నున్నప్పుడే వేంకటపతిదేవరాయల పక్షమున ఉత్తరమునకు పోయి యుద్ధము చేసెననియు, చెఱలోనున్న జింజి కృష్ణప్పనాయకుని విడిపింపుమని రాయలను కోరి సాధించెననియు కావ్యములు చెప్పుచున్నవి. కృష్ణప్ప తన కుమార్తెను అతనికిచ్చి వివాహము చేసెను.

అతని జీవితమున పెద్దపరీక్ష 1614 లో వచ్చెను. వేంకటపతిరాయలు మరణించగా, ఆయన నిర్ణయించిన వారసుడగు శ్రీరంగరాయలను గొబ్బూరి జగ్గరాయడు బంధించి, తుదకు కుటుంబముతో సహా చంపించెను. ఆ ఇంటిలో మిగిలినది రామదేవుడను బాలుడొక్కడే. వెలుగోటి యాచమనాయకుడు ఆ బాలుని రహస్యముగా తప్పించి, న్యాయపక్షమున నిలిచెను. జగ్గరాయనికి మధుర, జింజి నాయకులు తోడైరి; యాచమనికి తోడుగా కదలినవాడు రఘునాథుడు. తనకు పిల్లనిచ్చిన జింజి వారే ఎదుటిపక్షమున నున్నను అతడు వెనుదీయలేదు. తిరుచిరాపల్లి సమీపమున తోపూరు కడ 1616-17 లో జరిగిన యుద్ధమున జగ్గరాయడు కూలెను. శత్రువులు కావేరి ఆనకట్టను తెగగొట్టిరని కవులు చెప్పుదురు. నీటిమీద బ్రతుకు సీమకు అంతకంటె పెద్ద గాయము లేదు. రఘునాథుడు గెలిచిన వెనుక, బాలుడగు రామదేవరాయలకు కుంభకోణమున పట్టాభిషేకమయ్యెను. ఆ కాలపు దక్షిణభారతమున ఇంత పెద్ద యుద్ధము మఱియొకటి లేదని చరిత్రకారులు చెప్పుదురు.

ఇట్టివాడు వీణపై మెట్ల సంగతి ఆలోచించుట మనకు వింతగా తోచవచ్చును. కాని అతనికి అది ప్రొద్దుపుచ్చు పని గాదు.

ఆ సమస్య ఎట్టిదో విద్యార్థులకు కొంచెము విప్పిచెప్పవలెను. తీగెను ఒకచోట అదిమినచో దాని మ్రోయు నిడివి తగ్గును. నిడివి తగ్గినకొలది స్వరము హెచ్చును. సరిగా సగము నిడివి మిగిలినపుడు పై షడ్జము పలుకును. ఈ నడుమ స్వరములన్నియు పలుకుటకు దండిపై అడ్డముగా అమర్చిన లోహపు కడ్డీలే మెట్లు. శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దమున సంగీతరత్నాకరమున వర్ణించిన కిన్నరీవీణకు మెట్లు కలవు. 1550 లో అళియరామరాయల ఆశ్రయమున రామామాత్యుడు స్వరమేళకళానిధి వ్రాసి, తీగెలలో తమంతట పుట్టు స్వయంభూస్వరములను ఆధారముగా గొని మెట్లను ఎచ్చట నిలుపవలెనో చెప్పెను. ఆంధ్రుడని చెప్పబడు సోమనాథుడు 1609 లో, అనగా రఘునాథుని ఏలుబడిలోనే, రాగవిబోధమున వీణను గూర్చి విపులముగా వ్రాసెను. కావున రఘునాథుడు శూన్యమునుండి ఏదియు సృష్టింపలేదు. తెలుగువారు అప్పటికే రెండు తరములుగా ఈ లెక్కలో తలమునుకలై యుండిరి.

ఆనాడు వీణలు రెండు తెఱగులు. ఒకదానిని ఏకరాగమేళ వీణ యందురు. దానిపై వాయింపబోవు రాగమునకు వలయు స్వరములకు మాత్రమే మెట్లుండును. రాగము మాఱినచో మెట్లను జరుపవలెను. మఱియొకటి సర్వరాగమేళ వీణ. అందు అన్ని స్వరస్థానములకును మెట్లుండును. రాగమేదైనను మెట్టు కదలదు, వ్రేలే కదలును. మొదటిదానిలో ఒక సుఖము కలదు: ఆ రాగమునకు పనికిరాని మెట్టు అడ్డురాదు, ఉన్న మెట్టును ఆ రాగమునకు తగినట్లు వెండ్రుకవాసి జరుపుకొనవచ్చును. కష్టమును కలదు: సభలో తోడి పూసిన పిమ్మట కల్యాణి కావలెనన్నచో వైణికుడు మెట్లు సర్దుకొనుచు కూర్చుండవలెను, లేదా రెండవ వీణ తెప్పించుకొనవలెను. పైగా శిష్యునికి నేర్పుట యెట్లు? నిన్న వ్రేలు పడిన చోట నేడు మెట్టు లేదు.

రఘునాథుని పేర వెలసిన రఘునాథేంద్రమేళ వీణ ఈ చిక్కునకు సమాధానము. స్థాయికి 12 స్వరస్థానములు. రెండు స్థాయిలకు 24 మెట్లు. ప్రతి తీగె క్రిందను అవే మెట్లు. కట్టిన పిదప కదలింపు లేదు. వినుటకు ఇది చిన్నమాటవలె నుండును. కాని ఇందు ఒక త్యాగము కలదు. ఒక్కొక్క రాగమునకు ఒక్కొక్క స్థానమున నుండవలసిన సూక్ష్మమైన తేడాను మెట్టు ఇక చూపదు; అన్ని రాగములకును ఒకటే గాంధారము, ఒకటే నిషాదము. పోయిన ఆ సూక్ష్మమును వైణికుడు ఎడమచేతి వ్రేలితో తీగెను ప్రక్కకు లాగి తిరిగి తెచ్చుకొనవలెను. మన వీణపై గమకము అంత బలముగా వేళ్లూనుటకు మెట్లు కదలకపోవుట ఒక కారణమని నా యభిప్రాయము. లెక్కకు లొంగినది మెట్టునకు, లొంగనిది వ్రేలికి అని పని పంచబడెను.

ఇదే కాలమున లోకమున ఇతరచోట్లను ఈ ప్రశ్నయే నలుగుచుండెను. ఖగోళశాస్త్రజ్ఞుడు గెలీలియో తండ్రి విన్‌చెంజో గెలీలీ ఇటలీలో లూట్ అను తంత్రీవాద్యము వాయించెడివాడు. 1581 లో అచ్చైన తన గ్రంథమున అతడు మెట్లకొక సులభసూత్రము చెప్పెను: మిగిలిన తీగె నిడివిలో 18వ వంతు విడిచి తర్వాతి మెట్టు నిలుపుము. చైనాలో 1584 ప్రాంతమున జూ జైయు అను రాజకుమారుడు స్థాయిని 12 సమభాగములుగా విభజించు సంఖ్యను కచ్చితముగా గణించెను. అది 2 యొక్క 12వ మూలము, సుమారు 1.059463. ఒకరినొకరు ఎఱుగని మూడు దేశములవారు ఒక్క జీవితకాలములోనే 12 అను సంఖ్య చుట్టు తిరుగుచుండిరన్నమాట. అయినను మన వీణామేళమును పాశ్చాత్యుల సమవిభాగముతో ఒకటిగా జమకట్టరాదు. మనవారు చెవికి విడిచిన చోటు వారు లెక్కకిచ్చిరి.

గిటారు పలకను కోయు ప్రోగ్రాము ఈ లెక్కనే నమ్ముకొన్నది. అందు వాడుకలోనున్న ఒక కొలత ప్రకారము తీగె నిడివి 647.7 మిల్లీమీటర్లు. దానిని 17.817 చే భాగించినచో 36.35 వచ్చును, మొదటి మెట్టు తలకట్టునుండి అంత దూరమున నుండవలెను. మిగిలిన నిడివిని మరల 17.817 చే భాగించినచో రెండవ మెట్టు. ఇట్లు పోగా 12వ మెట్టు సరిగా సగమున, అనగా 323.85 కడ పడును. 24వ మెట్టు ముప్పాతిక కడ పడును. మొదటి రెండు మెట్ల నడుమ 34 మిల్లీమీటర్లు పైబడి యుండగా, తుది రెండు మెట్ల నడుమ 10 మిల్లీమీటర్లైనను ఉండవు. గెలీలీ చెప్పిన 18 తోనే భాగించినచో 12వ మెట్టు సగమునకు 2.36 మిల్లీమీటర్లు ఇవతలనే నిలిచిపోవును. ఆ కొంచెమును చెవి పట్టుకొనును. ఉన్నత పాఠశాల విద్యార్థి కాగితముపై ఈ లెక్క చేసి చూచుకొనవచ్చును.

లెక్క తేలిన పిదప దానిని యంత్రమునకు దారిగా చెప్పవలెను. దీనినే టూల్‌పాత్ అందురు. తలకట్టు నడిమి బిందువును సున్నగా గొని, పొడవు దిక్కును ఎక్స్, వెడల్పు దిక్కును వై, ఎత్తును జెడ్ అని పిలుతురు. ప్రతి గాడికిని ఆజ్ఞలు ఇంచుమించు ఒక్కటే: పనిముట్టును పైకెత్తుము, గాడి మొదలుకడకు వేగముగా పొమ్ము, కొయ్యలోనికి మెల్లగా దిగుము, అడ్డముగా కోయుచు సాగుము, మరల ఎత్తుము. వేగముగా పోవుటకు జీ 00, సరళరేఖలో కోయుటకు జీ 01 అని సంకేతములు. గాడి వెడల్పు సుమారు 0.6 మిల్లీమీటరు, అంత సన్నని కోతపనిముట్టు గట్టికొయ్యలో ఒక్కసారిగా లోతునకు దిగినచో పుటుక్కున విరుగును. అందుచేత పలుచని పొరలుగా పలుమాఱులు కోయుదురు. పలక పైభాగము అడ్డముగా కొంచెము గుండ్రముగా నుండును గనుక గాడి అడుగును ఆ వంపునే అనుసరించుట మేలు. దానికై వై, జెడ్ దిక్కుల తలమును ఎన్నుకొని, చాపమున నడపు ఆజ్ఞ నీయవలెను.

ఇందు తెలిసినవారు తప్పక పాటించు నియమమొకటి కలదు. ప్రతి గాడి దూరమును సున్ననుండియే కొలువవలెను గాని వెనుకటి గాడినుండి కొలువరాదు. గాడికి 0.1 మిల్లీమీటరు చొప్పున ఒకేవైపు తప్పు కూడుకొనుచు పోయినచో 24వ గాడి కడ అది 2.4 మిల్లీమీటర్లగును. రామామాత్యుడు స్వయంభూస్వరములను పట్టుకొని మెట్లు నిలుపుమన్నప్పుడు అతని మనస్సులో నున్నదియు ఇట్టి జాగ్రత్తయే యని తోచును: ఒక మెట్టు నమ్మి మఱియొక మెట్టు కట్టకుము, తీగెనే అడుగుము.

యంత్రమునకు చెప్పలేనిది ఒకటి మిగిలియున్నది. తీగెను మెట్టుపై అదిమినపుడు అది కొంచెము సాగి, స్వరము కొంచెము హెచ్చును. గిటారులో దీనిని తీగె అడుగు కొననున్న ఆనికను ఇంచుక వెనుకకు జరిపి సరిచేయుదురు. వీణలో తీగెలు మెట్లకు ఎత్తుగా నుండును. ఒక్కొక్క వీణకు గుఱ్ఱము ఎత్తును, దండి వంపును కొంచెము మాఱును. అందుచేత సూత్రము ప్రకారము మెట్లు నిలిపిన వీణ అపశ్రుతి పలుకును. మనవారు కొయ్యలో గాడి కోయక, తేనెమైనమున బొగ్గుపొడి కలిపి, దండి ఇరుప్రక్కల కట్టలుగా పోసి, ఆ మైనముపై ఇత్తడి లేక కంచు మెట్లను నిలుపుటకు కారణమిదియే. మెట్ల సంఖ్యయు వరుసయు రఘునాథుని నాటినుండి మాఱవు. మెట్టు నిలుచు చోటును మాత్రము ప్రతి వీణకును చెవితో విని నిర్ణయింతురు. వేసవి వేడికి మైనము మెత్తబడి మెట్లు జరిగినచో మరల మేళము కట్టింతురు. రఘునాథమేళము శాసనమే గాని, ఱాతిపై చెక్కిన శాసనము గాదు.

ఈ పద్ధతి రాజసభలకే పరిమితమని తలపరాదు. మా పరిగికి దక్షిణముననున్న పాలమూరు సీమలో 12 మెట్ల కిన్నెర వాయించుచు వీరగాథలు పాడువారు కలరు. ఆ కళకు గాను దర్శనం మొగులయ్యకు 2022 లో పద్మశ్రీ లభించెను. ఆ కిన్నెరపైనను మెట్లను నిలుపునది మైనమే. తంజావూరు సభకును ఈ పల్లెపాటకును లంకె యేమియో నేను చెప్పబూనను. 12 అను సంఖ్యయు మైనమును రెండుచోట్లను కనబడుట మాత్రము నిజము.

ఇక ఈ మేళమును కట్టినది నిజముగా రాజేనా? ఈ ప్రశ్నను తప్పించుకొనరాదు. సంగీతసుధ యను సంస్కృతగ్రంథము రఘునాథుని పేర నున్నది. గోవిందదీక్షితుని కుమారుడు వేంకటమఖి మాత్రము దానిని తన తండ్రి రచనగా చెప్పెను. రాజు పేర మంత్రి వ్రాయుట ఆ కాలమున ఎఱుగని సంగతి గాదు. వీణామేళము విషయమునను ఇదియే జరిగియుండునని కొందఱి తలంపు. నాకు తోచినది వేఱు. శాస్త్రము గోవిందదీక్షితునిది కావచ్చును. కాని మెట్లు కదలని వీణ ఎంత సుఖమో, ఎంత కష్టమో శాస్త్రముచే తెలియదు, వాయించినవాని వ్రేలికే తెలియును. రఘునాథుడు వైణికుడని ఒక్క ఆస్థానకవి గాదు, పలువురు చెప్పిరి. జయంతసేన రాగమును, రామానంద తాళమును కల్పించెనని అతనికి ప్రసిద్ధి. అందుచేత మేళము ఇరువురి సొత్తు అనుట న్యాయము. పేరు ఒక్కరికే దక్కెను. పెద్దవారి పనులలో ఇట్టిది పలుమాఱు జరుగును. తండ్రి పేరు మఱుగుపడకుండ వేంకటమఖి నోరు విప్పుట మంచిదైనది.

రాజుగా అతని తక్కిన జీవితమును ఇచ్చట కొంచెము చెప్పవలెను. కొళ్లిడము నది సముద్రము చేరుచోట దీవిలో నుండి జనులను బాధించుచుండిన సోలగుని అతడణచెను. యాళ్పాణము మీదికి సేన నడపెను. 1620 లో డెన్మార్కు నుండి ఓవె గెద్దె యను నావికాధిపతి ఓడలతో రాగా, తరంగంబాడిలో కోట కట్టుకొని వర్తకము చేసికొనుటకు సమ్మతించి ఒడంబడిక వ్రాసెను. నాల్గవ క్రిస్టియన్ రాజునకు బంగారు రేకుపై వ్రాయించి పంపిన లేఖ నేటికిని డెన్మార్కున భద్రముగా నున్నది. లేఖ తమిళము, చేవ్రాలు తెలుగు. ఆ కోటయు తరంగంబాడిలో ఇంకను నిలిచియున్నది. కుంభకోణమున రామస్వామి దేవాలయము రఘునాథుడు కట్టించినదే. అందు సీతారాముల సన్నిధిని ఆంజనేయుడు వీణతో దర్శనమిచ్చును. వీణ వాయించు రాజు కట్టించిన గుడికి అది తగియున్నది.

కవిగా అతడు వాల్మీకిచరిత్ర, శృంగారసావిత్రి, రామాయణము, ద్విపదలో నలచరిత్ర మున్నగునవి రచించెను. అతని సభలో స్త్రీలు పండితులై పురుషులతో సమముగా కూర్చుండిరి. రామభద్రాంబ రఘునాథాభ్యుదయమను సంస్కృతకావ్యమును 12 సర్గలలో వ్రాసి అతని విజయములను కీర్తించెను. మధురవాణి అతని తెలుగు రామాయణమును సంస్కృతమునకు మార్చెను. అంతఃపురమున వీణ నేర్చిన స్త్రీలు పెక్కండ్రు. ఒక్క వీణపై అన్ని రాగములు పలికింప వీలగుట ఇట్టి సభకు ఎంత అవసరమో ఊహింపవచ్చును. చేమకూర వేంకటకవి విజయవిలాసము ఈ సభలోనే పుట్టినది. ఆ కావ్యమును పాఠము చెప్పునపుడు మన మొక సంగతి మఱచుచున్నాము: అందలి మాటల పొందిక విని మెచ్చిన చెవియే మెట్ల పొందికను విని మెచ్చినది.

రఘునాథుడు 1634 ప్రాంతమున మరణించెను. అతని కుమారుడు విజయరాఘవుడును కవియే. తండ్రి చరిత్రను రఘునాథనాయకాభ్యుదయముగా వ్రాసెను. కాని తండ్రికున్న రాజ్యదక్షత అతనికి లేదు. వేంకటమఖి ఇతని ప్రోత్సాహముననే చతుర్దండీప్రకాశిక రచించెను. ఆ గ్రంథమున మొదటి ప్రకరణము వీణాప్రకరణమగుట గమనింపదగినది. శ్రుతి, స్వర, మేళ ప్రకరణములు ఆ తరువాతనే వచ్చును. మేళప్రకరణమున అతడు చేసిన లెక్క మెట్లను కన్నులతో చూచినవానికి సులభముగా బోధపడును. షడ్జమునకును మధ్యమమునకును నడుమ మెట్లు 4. వానిలో రెండింటిని రిషభ గాంధారములకు ఎన్నుకొను తెఱగులు 6. అట్లే పంచమమునకు పైనున్న 4 మెట్లలో ధైవత నిషాదములకు 6 తెఱగులు. మధ్యమములు 2. ఆఱును ఆఱుచే హెచ్చించి, దానిని రెంటిచే హెచ్చింపగా 72. రామామాత్యుడు చెప్పిన మేళములు 20. వేంకటమఖి నాటికి వాడుకలోనున్నవి 19 మాత్రమే. అయినను అతడు 72 ఉండునని లెక్కించి చెప్పెను. మెట్లు జరుగుచున్న వీణపై ఈ లెక్క నిలువదు. లెక్కించుటకు ముందు మెట్టు నిలువవలెను. నేడు సంగీతకళాశాలలలో విద్యార్థులు వల్లించు మేళకర్తల పట్టిక ఈ దారినే పెరిగి వచ్చినది.

1673 లో మధుర చొక్కనాథనాయకుని సేన తంజావూరును ముట్టడించెను. వృద్ధుడైన విజయరాఘవుడు పోరాడుచు కూలెను. అంతఃపురము మందుగుండుకు ఆహుతియైనదని చెప్పుదురు. రాజ్యము కొలదికాలమునకే మరాఠాల పాలైనది. మరాఠా ప్రభువులు తెలుగును విడువలేదు, వీణనును విడువలేదు. నాయకుల నాటి పుస్తకభాండాగారమును పెంచి సరస్వతీమహలుగా నిలిపిరి. తంజావూరు వీణ తెలుగుదేశమునకు తిరిగివచ్చి బొబ్బిలిలో వేఱొక రూపము దాల్చెను. బొబ్బిలి కడ గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశమువారు పనసకొయ్య నొకే దుంగలో తొలిచి ఏకాండి వీణలు చేయుచు వచ్చిరి. కొయ్యపని ముగిసి, తీగెలు బిగించిన తరువాతనే మెట్లు కట్టుదురు. వెచ్చని మైనముపై ఒక్కొక్క మెట్టు నిలిపి, తీగె మీటి విని, వెండ్రుకవాసి ముందునకో వెనుకకో జరిపి, మరల మీటి విందురు. 24వ మెట్టు వఱకు అంతే.